తగ్గించి రాసిన జ్వరం

పద్దెనిమిదేళ్ళుగా నేనొక బరువు మోస్తున్నాను. మాటవరసకు అనడం లేదు. కొలవడం, లెక్కకట్టడం నా బతుకు. గుంత గట్టున నిలబడి చూస్తే అందులోంచి ఎన్ని ఘనపుటడుగుల మట్టి లేచిందో చెప్పగలను. టేపు పెట్టి చూసుకుంటే తేడా చాలా కొంచెం ఉంటుంది. దీన్ని మాత్రం ఇంత అని చెప్పలేకపోయినాను. పొద్దున లేచేటప్పటికే ఉంటుంది. మధ్యాహ్నం ఎండ నిలబడి, ఊరు సద్దుమణిగి, మనుషులూ పశువులూ నీడ పట్టుకున్న వేళ ఇంకా ఎక్కువవుతుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందర చాలాసార్లు నోరు తెరిచి మూసుకున్నాను.

మాది నల్లమల కింద, గిద్దలూరుకు తొమ్మిది మైళ్ళలో ఒక పల్లె. గొర్రెలున్న ఇల్లు. నాయన పోయినాక మంద తమ్ముడు చూసుకున్నాడు. నేను పెళ్ళి చేసుకోలేదు, వాళ్ళతోనే ఉన్నాను. బడికి పోలేదు. పడుచుతనంలో మార్కాపురం దగ్గర పలకల గనుల్లో రాళ్ళు మోసినాను. అక్కడి గుమాస్తా విరిగిన పలకముక్కల మీద అంకెలు వేసి పారేసేవాడు. అవి ఏరుకొని నేర్చుకున్నాను. కూడిక, తీసివేత, ఎక్కాలు, ఆపైన భిన్నాలు, చివరికి అక్షరాలు కూడా. ఎవరూ చెప్పలేదు. తర్వాత రోడ్ల పనుల్లో మట్టి కొలిచే పని దొరికింది. మా చుట్టుపట్ల 'లెక్కలాయన' అంటే నేనే.

ఒక సంగతి ముందే చెప్పాలి, లేకుంటే నేను చేసింది మీకు అర్థం కాదు. మా గొర్రెల ఇళ్ళలో ప్రాణమున్నదాన్ని లెక్కపెట్టి నిండు లెక్క పైకి చెప్పరు. సాయంత్రం దొడ్డి కడప దగ్గర నిలబడి తమ్ముడు జతజతగా గొర్రెల్ని లోపలికి వదులుతాడు. మనసులోనే లెక్క పెట్టుకుంటాడు. ఎన్ని అని ఎవరైనా అడిగితే ఉన్నదానికి ఒకటో రెండో తగ్గించి చెప్తాడు. నిండు లెక్క నోట వస్తే వినేది వింటుందంటారు. ఏది వింటుందో ఎవరూ చెప్పరు. నేను పదేళ్ళప్పుడు పంతానికి దొడ్డి గోడెక్కి, ఉన్న అరవైమూడూ గట్టిగా లెక్కపెట్టినాను. తెల్లారి చూస్తే రెండు గొర్రెపిల్లలు కాళ్ళు చాపుకొని ఉన్నాయి. దేహం మీద గాటు లేదు. అమ్మ నన్ను కొట్టలేదు. నాతో నాలుగు దినాలు మాట్లాడలేదు.

అదంతా కాకతాళీయమని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అయినా నేను ఎంచుకున్న పని చూడండి. మట్టి, రాయి, గోడ. ప్రాణం లేనివే లెక్కపెడుతూ వచ్చినాను. అది తెలిసే చేసినానా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

తమ్మునికి మొదట పుట్టిన ఇద్దరు బిడ్డలూ పురుట్లోనే పోయినారు. మూడోది ఆడపిల్ల. పుట్టగానే దాన్ని ఒక్క క్షణం పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చి పెంటమ్మ అని పేరు పెట్టినారు. పనికిరాని పేరున్న బిడ్డను ఎవరూ కోరరని. ఆ పిల్ల నిలిచింది. నా భుజం మీదే పెరిగింది. దానికి ఐదేళ్ళొచ్చిన ఎండాకాలంలో గొంతునొప్పి వచ్చింది, వెంట ఒళ్ళు కాలే జ్వరం, మా మాటలో కాక, తగిలింది. మూడు దినాలు అమ్మ తనకు తెలిసినవన్నీ చేసింది. మిరియాల కషాయం పోసింది, గొంతుకు పసుపు పట్టు వేసింది. పిల్ల గుటక వేయలేకపోయింది. చొంగ కారుతూ ఉండేది. మాట్లాడితే నోటినిండా వేడి సంగటి పెట్టుకొని మాట్లాడినట్టు ముద్దముద్దగా వచ్చేది, ఏమంటుందో కన్నతల్లికే తెలిసేది కాదు. నాలుగోదినం బండి కట్టుకొని గిద్దలూరు పోయినాం.

అక్కడ అప్పట్లో నెల్లూరు వైపు నుంచి వచ్చిన డాక్టరొకాయన ఉండేవాడు. చెంచాతో నాలుక అణిచి లోపల చూసినాడు. గొంతులో రెండు పక్కలా గడ్డలు రేగుకాయలంత లావున ఉబ్బి, వాటి మీద తెల్లటి చీము చుక్కలున్నాయి. నాక్కూడా చూపించినాడు. గొంతుకు ఎర్రమందు పూసి, సీసాలో తాగే మందిచ్చి, ఉప్పునీళ్ళు పుక్కిలించమని, కాక ఎక్కువైతే తడిగుడ్డతో ఒళ్ళు తుడవమని చెప్పినాడు. నేను లెక్కలు వచ్చినవాణ్ణని తమ్ముడు చెప్తే, థర్మామీటరు ఒకటి నా చేతికిచ్చి చదవడం నేర్పినాడు. చంకలో పెట్టి చూడాలి. చంకలో కనపడినదానికి ఒకటి కలుపుకొని రాయాలి. పొద్దునా సాయంత్రమూ, మూడు దినాలు. ఆ లెక్క రాసిన పలక నాలుగో పొద్దుకు తనకు పంపాలి. నూటమూడు దాటి నిలబడితే వెంటనే కబురు చేస్తానన్నాడు. పిల్లను తెచ్చి ఆయన దగ్గర ఉంచాలి, అవసరమైతే గొంతులో చీము తీయాలి, కాక దిగినాక కూడా చాలా దినాలు మంచం దిగనివ్వకూడదు. తగ్గుతూ ఉంటే మాత్రం బిడ్డను ఎండలో తిప్పొద్దు, ఇంట్లోనే ఉంచండి అన్నాడు.

అంతా ఆ ఆరు అంకెల మీద ఉంది. అది నాకు బాగా తెలుసు. తెలియక చేసినానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు.

మొదటి పొద్దున చూసినాను. నూటరెండు. ఒకటి కలిపి నూటమూడు. పలక మీద రాసినాను. అది నేను కొలిచిన మొదటి ప్రాణం.

ఆ సాయంత్రం, ఇంకా పొద్దు పూర్తిగా కుంకలేదు. దొడ్డిలో ఈనిన గొర్రెలు నాలుగున్నాయి. అవి నెమరు వేయడం మానేసినట్టు అంతా నిశ్శబ్దంగా ఉంది. పిల్ల కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, నల్లగుడ్డు పైకి పోయి తెలుపే కనపడుతోంది. చంకలో థర్మామీటరు పుల్ల పెట్టి చేయి పట్టుకొని కూర్చున్నాను. అమ్మ కాళ్ళ దగ్గర ఉంది. అప్పుడు పిల్ల మాట్లాడింది.

"నూటనాలుగు."

ఇన్ని దినాలుగా ముద్దముద్దగా వచ్చిన గొంతు కాదది. అద్దంలా తేటగా ఉంది. ఆ పిల్లకు ఇరవై తర్వాత లెక్క రాదు. పుల్ల తీసి వెలుతురుకు పట్టుకున్నాను. నూటమూడు. తప్పు చెప్పిందిలే అని ఊపిరి వదిలినాను. వదిలిన తర్వాత గుర్తొచ్చింది, ఒకటి కలపాలి.

అమ్మ లేచి నా చేతిలో బలపం పట్టుకుంది. "ఒరే పెద్దోడా, నిండుగా రాయబాకు" అంది. అంతే.

నవ్వి ఉండాల్సింది. ఎన్నోసార్లు నవ్వినాను అట్లాంటి మాటలకు. ఆ సాయంత్రం నవ్వు రాలేదు. నూటమూడు రాసినాను. అబద్ధం రాయలేదు, పుల్ల మీద ఉన్నదే రాసినాను, కలపాల్సింది కలపలేదు అంతే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మొదటి అబద్ధం ఒక్క డిగ్రీ. అది అబద్ధంలా కూడా లేదు.

మర్నాడు పొద్దున చూస్తే ఒకటి కలిపినా నూటరెండే ఉంది. తగ్గింది! పొద్దుటి పూట కాక కొంచెం దిగడం మామూలేనని డాక్టరు చెప్పే ఉన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు, పక్కన పెట్టినాను. నేను తగ్గించి రాస్తే అది తగ్గింది. ఆ పూట నూటఒకటి రాసినాను. ఇట్ల రాస్తూ పోతే ఇట్లే దిగుతుందని నమ్మినానా? నమ్మినాను. లెక్కలు నేర్చినవాడు, ఎక్కాలు ఒప్పజెప్పేవాడు, నమ్మినాడు.

ఆ సాయంత్రం పుల్ల ఇంకా చంకలోనే ఉంది. "నూటనాలుగున్నర" అంది పిల్ల. అర అనే మాట ఆ ఇంట్లో దానికి ఎవరు నేర్పినారు? పుల్ల చూస్తే నూటమూడున్నర. నేను నూటరెండు రాసినాను. మూడో పొద్దున పిల్ల ఏమీ అనలేదు. కలిపి చూస్తే నూటనాలుగు. నూటఒకటి రాసినాను. ఆ సాయంత్రం నేను పుల్ల జాడిస్తూ ఉండగానే, ఇంకా పెట్టకముందే, "నూటఐదు" అంది. నేను రాసింది నూరు.

పలక మీద అవి ఎట్లా ఉన్నాయో మీరూ చూడండి. నూటమూడు, నూటమూడు, నూటఒకటి, నూటరెండు, నూటఒకటి, నూరు. చిన్న మెట్టు ఎక్కి మళ్ళీ దిగినట్టు, నిజంగా దిగే జ్వరం ఎట్లా దిగుతుందో అట్లే ఉంది. ఆ మధ్యలో నూటరెండు కావాలనే పెట్టినాను. వరసగా దిగితే డాక్టరు నమ్మడని. చూసినారా, భయంతో చేసినానని చెప్తే అది సగమే. భయం అంత నేర్పుగా రాయదు.

నాలుగో పొద్దున తమ్ముడు పలకను తువ్వాలలో చుట్టి చంకన పెట్టుకొని బయలుదేరినాడు. వానికి అక్షరం రాదు. చెరిగిపోకుండా తొమ్మిది మైళ్ళు జాగ్రత్తగా మోసినాడు. వాడు పోయినాక మరదలు బిడ్డ నుదుటి మీద చేయి పెట్టి నన్ను చూసింది. "బావా, ఒళ్ళు పెనంలెక్క కాలుతాంది. తగ్గిందంటావేంది?"

"పుల్ల చెప్తాంది తగ్గిందని" అన్నాను. "నువ్వు పొయ్యి కాడినుంచి వచ్చినావు. నీ చేయే కాలుతుంటుంది."

ఆమె తన చేయి తిప్పి చూసుకుంది.

తమ్ముడు సంతోషంగా తిరిగొచ్చినాడు. డాక్టరు పలక చూసి మంచిదన్నాడంట, అదే మందు ఇంకో సీసా ఇచ్చినాడంట. ఆ తర్వాత కాక ఇంకా ఆరు దినాలు నిలిచింది. నేను మళ్ళీ పుల్ల పెట్టలేదు. తడిగుడ్డలు వేసినాం. అమ్మ మాత్రం తగ్గించి రాసినందుకే ఇంతటితో పోతోందని నాకు కళ్ళతో చెప్పేది. ఏడోదినం పొద్దున పిల్ల చెమటలు పట్టి లేచి గంజి అడిగింది. గొంతు గడ్డలు దిగినాయి. ఊళ్ళో అందరూ నన్ను మెచ్చుకున్నారు.

అక్కడితో ఆగి ఉంటే మీకు చెప్పడానికేమీ ఉండేది కాదు.

ఇరవై దినాల తర్వాత పిల్లకు మోకాళ్ళు వాచినాయి. ఒక మోకాలు తగ్గితే ఇంకొకటి. అవీ పోయినాయి. ఆ చలికాలానికి, దొడ్డి దాకా పరుగెత్తి వచ్చి గొంతుకూర్చొని రొప్పుతూ ఉండేది. రవిక మీద నుంచే గుండె కొట్టుకోవడం కనపడేది. మళ్ళీ గిద్దలూరు పోయినాం, తమ్ముడు, మరదలు, నేను. డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత నన్ను చూసినాడు.

"అప్పుడు గొంతు జ్వరం వచ్చింది కదా. ఆ పలక లెక్క నువ్వేనా రాసింది?"

"నేనేనయ్యా."

"సరిగ్గా చూశావా? ఆ జ్వరం ఎక్కువగా నిలబడితే కీళ్ళకూ గుండెకూ పాకుతుంది. అదే అయితే ఆరు నెలలు మంచం మీదనే ఉంచి మందిచ్చి చూడాలి. కానీ నీ లెక్క ప్రకారం మూడోనాటికే దిగిపోయింది. ఆలోచించి చెప్పు."

నేను నోరు తెరిచినాను. నిజంగా తెరిచినాను. తమ్ముడు బిడ్డను ఒళ్ళో పెట్టుకొని నా పక్కనే కూర్చొని ఉన్నాడు. నాకంటే ముందు వాడు మాట్లాడినాడు.

"మా అన్న లెక్క ఎప్పుడూ తప్పదయ్యా. గుంత చూసి ఎన్ని బండ్లో చెప్తాడు. నా దొడ్డి గోడ ఎత్తు ఈయన లెక్కే, కావాలంటే తోడేలునే అడుగు" అని నవ్వినాడు.

డాక్టరు కూడా నవ్వినాడు. మళ్ళీ నా వైపు తిరిగినాడు.

"సరిగ్గానే చూసినానయ్యా" అన్నాను.

ఇది నా తప్పు. పలక మీద రాసింది కాదు. అది భయమో వెర్రో అనుకోండి. ఇది పట్టపగలు, జబ్బు తెలిసిన మనిషి అడిగితే, పిల్ల నా చొక్కా అంచు పట్టుకొని ఉండగా, తమ్ముని నోట నా పేరు చిన్నబోకూడదని చెప్పిన మాట. అప్పుడైనా ఉన్నది చెప్పి ఉంటే పిల్ల బతికేదా? నాకు తెలియదు. ఆరు నెలలు పడుకోబెట్టినా కొందరు పోతారంట. ఇప్పుడు ఆ గొంతు జబ్బుకు ఏవో కొత్త మాత్రలు వచ్చినాయంట, అప్పుడు లేవు. ఆ చావులో నా పాలు ఎంత? సగమా, పావా, మొత్తమా? ఎన్నిసార్లు వేసుకున్నా ఈ లెక్క తెగదు. తెగకపోవడమే నాకు తగిన శిక్షేమో, లేక అది కూడా నేను దాక్కునే చోటేమో.

డాక్టరు తల పంకించి, "అయితే పుట్టుకతోనే గుండెలో లోపం ఉండి ఉంటుంది. దానికి నేను చేయగలిగింది లేదు. ఆడుకోనివ్వండి" అన్నాడు.

ఆడుకోనిచ్చినాం. గొర్రెల వెంట కొండవాలు దాకా పోయేది. ఆ తర్వాత ఇంకో పదకొండేళ్ళు బతికింది. ఆఖరి ఏడు ఒకసారి, ఎండ చల్లబడే వేళ పంచలో నా పక్కన కూర్చొని ఉంటే ధైర్యం చేసి అడిగినాను, చిన్నప్పుడు కాక తగిలినప్పుడు నువ్వు అంకెలు చెప్పినావు, గుర్తుందా అని. లేదంటుందని అనుకున్నాను.

"గుర్తుంది. నువ్వే గదా పెదనాయనా, నా చెవిలో మెల్లిగా చెప్తాంటివి. నేను పైకి అన్నాను" అంది.

నేను చెప్పలేదు. పుల్ల చూడకముందు నాకే తెలియనిది నేనెట్ల చెప్తాను? కాక తలకెక్కితే పిల్లలు ఏవేవో వింటారు. డాక్టరు నాకు నేర్పేటప్పుడు నూటమూడు, నూటనాలుగు అంటుంటే విని ఉంటుంది. అట్ల అనుకుంటాను. అర ఎక్కడిదని మళ్ళీ అడుక్కుంటాను. ఆ తర్వాత నా పక్కన ఆ పిల్ల కూర్చోవడానికి నేనే చోటివ్వలేదు. దానికి ఎందుకో అర్థం కాలేదు.

ఇంకొకటి ఉంది. అసలు అందుకే రాస్తున్నాను.

పుట్టుకతో వచ్చిన లోపం అన్న మాట డాక్టరు దగ్గర నుంచి ఇంటికి వచ్చింది. పుట్టుకతో వచ్చిందంటే కడుపులో వచ్చింది. కడుపులో వచ్చిందంటే తల్లి ఏదో చేసింది. అమ్మకు వెంటనే గుర్తొచ్చింది. మరదలు నిండు నెలల్లో ఉన్నప్పుడు గ్రహణం పట్టింది. దొడ్డిలో గొర్రె ఒకటి ఈనలేక అరుస్తుంటే ఉండబట్టలేక బయటికి పోయి చేయి సాయం చేసి వచ్చింది. అంతే. ఆనాటినుంచి అమ్మ పోయేదాకా ఆ మాట అంటూనే ఉంది. తగ్గించి రాయించింది తానేనన్నది అమ్మకు గుర్తుందో లేదో నాకు తెలియదు. నా ముఖం ఎప్పుడూ చూడలేదు ఆ మాట అనేటప్పుడు. ఊళ్ళో కూడా అన్నారు. తమ్ముడు అనలేదు కానీ కాదని కూడా అనలేదు. మరదలు ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. నమ్మింది. బిడ్డను తానే గ్రహణానికి ఇచ్చినానని నమ్మింది. మళ్ళీ ఆమెకు కాన్పు రాలేదు.

నేను అదే ఇంట్లో ఆమె పెట్టిన అన్నం తిన్నాను. ఇన్నేళ్ళు.

పోయిన వారం గ్రహణం. మధ్యాహ్నమే పట్టింది. ఎండ పలచబడి, నీడలు పదునెక్కి, కోళ్ళు గంప వెతుక్కున్నాయి. మరదలి తమ్ముని కూతురు ఏడో నెలతో కాన్పుకని మా ఇంటికి వచ్చి ఉంది. మరదలు ఆ పిల్లను గదిలో పెట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, తానూ లోపలే కూర్చుంది. నేను పంచలో ఉన్నాను. తలుపు ఇవతలికి మాట వినపడుతోంది.

"కదలబాకు తల్లీ. కాళ్ళు తిమ్మిరెక్కినా ఓర్చుకో. నేను ఓర్చుకోలేక పోయినాను. గొర్రె కోసం పోయినాను. పదకొండేండ్లు అది రొప్పుతాంటే చూసినాను. నా మాదిరి చేయబాకు."

ఆ పిల్ల ఏడుస్తోంది. మరదలు ఏడవడం లేదు. ఎన్నోసార్లు చెప్పి చెప్పి అరిగిన మాటలా చెప్తోంది.

తలుపు తడదామని లేచినాను. చేయి చెక్క మీద పెట్టినాను. వేడిగా ఉంది, పొద్దుటినుంచి కాసిన ఎండకు. గ్రహణం విడిచేదాకా అట్లే నిలబడినాను. విడిచినాక గుడ్డలు తీస్తున్న చప్పుడు విని పంచలోకి వచ్చి కూర్చున్నాను.

ఆమె చేసిన తప్పేమీ లేదు. ఆమె చేయి చెప్పింది నిజం. ఒళ్ళు కాలుతూనే ఉంది. కాలుతోందని నాకు తెలుసు. తెలిసి తక్కువ రాసినాను, తెలిసి డాక్టరుకు అబద్ధం చెప్పినాను, తెలిసి ఆ నింద ఆమె మీద పడుతుంటే ఊరుకున్నాను.

ఇది రాయడానికి ఏడు దినాలు పట్టింది. మీరు క్షమించాలని రాయలేదు, క్షమించడం మీ చేతిలో లేదు, ఆ పని చేయగలిగినవాళ్ళలో ఒకరు పోయినారు, ఒకరు ఇప్పుడు వెనక దొడ్డిలో తవుడు కలుపుతున్నారు. బకెట్టు చప్పుడు వినపడుతోంది. ఆమెకు చెప్తానా? చెప్తానని రాస్తే మీరు నన్ను కొంచెం మంచివాడనుకుంటారు, అందుకని రాయను.

కానీ ఇందాక ఇంట్లో ఎవరూ లేనప్పుడు పైకే అన్నాను. తప్పు నీది కాదమ్మా, నాది, అని. గోడను చూస్తూ అన్నాను. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఊపిరి కడుపు దాకా పోయింది.